ఎమ్మెస్సీ నర్సింగ్ థీసిస్: కేర్ క్వాలిటీ, పేదరికం మీద చేద్దామనుకుంటున్నా, టాపిక్ నిలబడుతుందా?

తులసిమొక్క
అందరికీ నమస్తే. సినాప్సిస్ (థీసిస్ ప్లాన్) ఈ నెలాఖరుకి ఇచ్చెయ్యాలి, గైడ్ మేడమ్ నాలుగు టాపిక్కులు పట్టుకురమ్మన్నారు, మా బ్యాచ్‌లో అందరూ ఎప్పట్లాగే "ఫలానా జబ్బు గురించి ఫలానా వాళ్ళ నాలెడ్జ్ మీద స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రాం ప్రభావం" అని రాసేశారు, నాకు మాత్రం అది చెయ్యబుద్ధి కావట్లేదు. ఎమ్మెస్సీకి రాకముందు ఒక ప్రభుత్వాసుపత్రిలో కాంట్రాక్ట్ స్టాఫ్‌గా చేశాను, ఒకే వార్డులో ఒకే జబ్బుతో పడుకున్న ఇద్దరికి అందే కేర్ ఒకేలా ఉండదని రోజూ చూసేదాన్ని. అందుకే "మెడికల్ వార్డుల్లో నర్సింగ్ కేర్ నాణ్యతకి, రోగుల సామాజిక ఆర్థిక స్థితికి ఉన్న సంబంధం" అనుకుంటున్నా. ఒక టీచింగ్ హాస్పిటల్, 100 మంది పేషెంట్లు, కుప్పుస్వామి స్కేల్‌తో వాళ్ళ స్థాయి, సాటిస్‌ఫాక్షన్ ప్రశ్నావళితో క్వాలిటీ, డిశ్చార్జ్ రోజు కూర్చోబెట్టి నింపించడం, చివర్లో రెండిటికీ సంబంధం ఉందో లేదో చూసే కై స్క్వేర్ టెస్ట్. తెలుగు చదవడం వచ్చినవాళ్ళనే తీసుకుంటా. ఎలా ఉంది? మరీ తిట్టకండి.

పాత_ట్యూటర్
తిట్టను గానీ తల్లీ, రెండు చోట్ల పట్టుకుంటాను. కుప్పుస్వామి గారి స్కేల్ 1976లో పట్నం కుటుంబాల కోసం వచ్చింది, చదువు, వృత్తి, ఆదాయం మూడే చూస్తుంది, ఆదాయం అంకెల్ని ఎప్పటికప్పుడు ధరల సూచీతో సవరించుకోవాలి. అది పెట్టుకుని గవర్నమెంట్ మెడికల్ వార్డుకెళ్తే నీ నూరు మందిలో తొంభై మంది కింది రెండు గడుల్లోనే పడతారు, ఇక పోల్చడానికి ఎవరున్నారు? పల్లె నుంచి వచ్చినవాళ్ళకైతే ఉదయ్ పరీక్ స్కేల్ అని ఇంకోటుంది, అదీ పాతదే.

రెండోది సాటిస్‌ఫాక్షన్. నువ్వు యూనిఫాం వేసుకుని మంచం పక్కన నిలబడి "సిస్టర్లు బాగా చూసుకున్నారా అమ్మా" అంటే "దేవతల్లా చూసుకున్నారు తల్లీ" అంటుంది, ఇంటికెళ్ళాలంటే డిశ్చార్జ్ కాగితం ఇంకా మన చేతిలోనే ఉందాయె. ఎప్పుడూ ఏమీ అందనివాళ్ళకి ఏది అందినా గొప్పే. ఆ మార్కులు చూసి మన వార్డు బ్రహ్మాండం అనుకోవడం ఈ స్టడీలన్నిటికీ ఉన్న జబ్బు. కేర్ క్వాలిటీని మూడు వైపుల నుంచి చూడాలని డొనబేడియన్ 1966లోనే చెప్పాడు కదా, స్ట్రక్చర్ (ఉన్న వసతులు, స్టాఫ్), ప్రాసెస్ (చేసిన పని), అవుట్‌కమ్ (ఫలితం) అని, నువ్వు మధ్యదాన్ని వదిలేశావు. పేషెంటుకి నిజంగా ఏం చేశారు అన్నది ఎవరు చూస్తారు?

నైట్‌డ్యూటీ_నాగు
ప్రాసెస్ చూస్తారంట! రండి మేడమ్, మా వార్డుకి రాత్రి పది దాటాక రండి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం టీచింగ్ హాస్పిటల్ జనరల్ వార్డులో ముగ్గురు పేషెంట్లకి ఒక స్టాఫ్ ఉండాల, ఆ కాగితం మా నర్సింగ్ సూపరింటెండెంట్ ఆఫీసులో ఫ్రేం కట్టించి పెట్టొచ్చు. మాకు ఫ్లోర్ బెడ్లతో కలిపి లెక్కే దొరకదు, ఇద్దరం ఉంటాం, ఒకరు అడ్మిషన్ల మీద, ఒకరు ఇంజెక్షన్ల మీద, మధ్యలో ఒకరిని ఇంకో వార్డుకి పంపిచ్చేస్తారు. క్వాలిటీ అసెస్‌మెంట్ టీం వస్తాదంటే మాత్రం వారం ముందునుంచి రిజిస్టర్లు రాసేదే పని. ఈ రీసెర్చులన్నీ చివరికి తేల్చేది ఒక్కటే, నర్సులు పేదోళ్ళని సరిగ్గా చూడరు. మా మీదకే వస్తాయి.

కోనసీమ_టు_డాలస్
నాగు గారూ, మీరన్న మాటని లెక్క కట్టి నిరూపించింది కూడా నర్సింగ్ రీసెర్చే, అది మన మీదకి రాలేదు, మన పక్షాన నిలబడింది. పెన్సిల్వేనియాలో లిండా ఐకెన్ గారి బృందం 2002లో వేసిన పేపర్ చదవండి, 168 హాస్పిటళ్ళు, 2,32,342 మంది సర్జరీ పేషెంట్లు, ఒక్కో నర్సు మీద ఒక్క పేషెంటు అదనంగా పడినకొద్దీ నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేలింది. తర్వాత 2014లో యూరప్ తొమ్మిది దేశాల్లో చూస్తే మళ్ళీ అదే 7 శాతం. కాలిఫోర్నియాలో రేషియో చట్టం 1999లో వస్తే 2004 నుంచి అమలైంది, ఇవాళ అక్కడ మెడికల్ సర్జికల్ ఫ్లోర్‌లో ఒక నర్సుకి ఐదుగురికి మించకూడదు. నేనుండే టెక్సాస్‌లో ఆ చట్టం లేదు, తేడా ఏంటో షిఫ్టులో నాకు తెలుస్తుంది.

ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లో ఇంకా బాగుంది, 2016లో 27 హాస్పిటళ్ళలో పగలు నలుగురికొకరు రాత్రి ఏడుగురికొకరు అని పెట్టి, ముందూ తర్వాతా కొలిచారు. మరణాలు తగ్గాయి, మళ్ళీ అడ్మిట్ అవ్వడం మిగతా హాస్పిటళ్ళలో పెరిగితే వీటిలో పెరగలేదు, కొత్త స్టాఫ్ కోసం పెట్టిన ఖర్చుకి రెండింతలు మిగిలిందని 2021 పేపర్లో చూపించారు. కాబట్టి తులసీ, నువ్వేం చేసినా సరే ఆ షిఫ్టులో ఎంతమంది స్టాఫ్, ఎంతమంది పేషెంట్లు అన్నది తప్పకుండా రాసుకో. అది రాయకపోతే నాగు గారి భయమే నిజమవుతుంది, తప్పంతా మనిషి మీదకి పోతుంది.

ఇక్కడ వల్నరబిలిటీని, అంటే ఎవరు తేలిగ్గా దెబ్బతింటారన్నదాన్ని, కొలిచే పద్ధతి కూడా వేరు, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళ సోషల్ వల్నరబిలిటీ ఇండెక్స్ అని ఒకటుంది, పేదరికం, ఇంట్లో ముసలివాళ్ళు పిల్లలు వికలాంగులు భాష రానివాళ్ళు, జాతి, ఇల్లూ వాహనం ఇలా నాలుగు గుంపులు, పేటల వారీగా స్కోరు. పేషెంటు అడ్రస్ కొడితే ఆ పేట స్కోరు వచ్చేస్తుంది.

లెక్కల_మాస్టారు
ఆ ఇండెక్స్‌ని ఇక్కడికి దింపుకోవద్దు దయచేసి. అది వరదలు తుఫాన్లప్పుడు ఏ పేటకి ముందు సాయం పంపాలో చూసుకోవడానికి కట్టింది, పేట స్కోరు మనిషి స్కోరు కాదు. పైగా మన కేస్ షీట్‌లో అడ్రస్ అంటే "కేరాఫ్ ఫలానా, ఫలానా మండలం".

తులసి గారి కై స్క్వేర్ గురించి కూడా ఒక మాట. నేను నర్సింగ్ వాడిని కాదు, మెడికల్ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాను, మీ థీసిస్‌లు నా టేబుల్ మీదకి కట్టలు కట్టలుగా వస్తాయి. సెక్షన్ ఏ లో పన్నెండు డెమోగ్రాఫిక్ వేరియబుల్స్, వయసు మతం ఆహారపు అలవాటు కుటుంబ రకం అన్నీ, ఒక్కోదానికీ ఒక్కో కై స్క్వేర్. అసలు ఏ సంబంధమూ లేకపోయినా పన్నెండు టెస్టులు చేస్తే ఏదో ఒకటి 0.05 కింద పడే, అంటే సంబంధం ఉన్నట్టు కనిపించే, అవకాశం దాదాపు సగం ఉంటుంది. అలా శాకాహారులకి నర్సింగ్ కేర్ మీద సంతృప్తి ఎక్కువ అని తేలుతుంది, దానికి రెండు పేజీల డిస్కషన్ రాస్తారు. ఒకే ఒక్క ప్రశ్న పెట్టుకోండి. ఒకే ఒక్క తేడా.

గూడెం_సిస్టర్
నేను భద్రాద్రి జిల్లా ఏజెన్సీల చేస్తున్న. తులసి, నీ పోస్ట్ల అన్నిటికంటె నాకు గుచ్చుకున్నది చివరి ముచ్చట, తెలుగు చదువొచ్చినోళ్ళనే తీసుకుంట అన్నవ్ గదా. మా దిక్కు నుంచి పెద్దాస్పత్రికి రిఫర్ అయ్యే కోయ ముసలామెకు తెలుగు మాట్లాడుడే సగం సగం వస్తది, చదువుడు ఎక్కడిది. ఆమెను తీసేసి, స్పృహ లేనోళ్ళను తీసేసి, ఇంటర్వ్యూకు ఒప్పుకోనోళ్ళను తీసేసి, డిశ్చార్జ్ దాక ఉండలేక పైసలైపోయి చెప్పకుంట వెళ్ళిపోయినోళ్ళను కూడ తీసేస్తే ఇగ మిగిలింది ఎవరు? కేర్ ఎట్లైన అడిగి తీసుకునేటోళ్ళే. ఎవరికి అన్యాయం జరుగుతదని స్టడీ పెడుతున్నవో వాళ్ళను మొదటి పేజీలనే బయటికి పంపిచ్చినవ్.

ఇంకోటి, ఇసొంటి వాళ్ళ మీద రీసెర్చ్ అంటె మా కాడ ఇప్పటికీ భయపడతరు. 2009ల అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్ల 10 నుంచి 14 ఏండ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార కాన్సర్ రాకుండ ఇచ్చే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు పెట్టిన్రు. పిల్లలు కొందరు చనిపోయిన్రు, అవి టీకా వల్ల కాదనే ఎంక్వైరీల తేలింది, కానీ కన్సెంట్ కాడ దొరికిపోయిన్రు, హాస్టల్ పిల్లలకు తల్లిదండ్రుల తరఫున వార్డెన్లు సంతకాలు పెట్టిన్రు. 2010 ఏప్రిల్‌ల ఆపేసిన్రు, 2013ల పార్లమెంటు కమిటీ గట్టిగనే రాసింది. టీకా మంచిదే, నేను ఇయ్యాల కూడ చెప్త అందరికి. అయినా సంతకం ఎవరిది అని అడిగే అమ్మలు మా ఊర్లల్ల ఉన్నరు, అడగాలె కూడ.

పాత_ట్యూటర్
గూడెం సిస్టర్ మాటతో నా పోస్టు సగం అనవసరమైపోయింది. తులసీ, ముందు ఎక్స్‌క్లూజన్ క్రైటీరియా (ఎవర్ని తీసుకోవు అన్న) పేజీ తీసి చూసుకో. ఫ్లాస్కెరుడ్, విన్‌స్లో 1998లో వల్నరబుల్ పాపులేషన్స్ మోడల్ ఇచ్చారు నర్సింగ్‌లోనే, వనరులు అందకపోవడం, దానివల్ల పెరిగే రిస్క్, చివరికి ఆరోగ్యం మీద దెబ్బ. కాన్సెప్చువల్ ఫ్రేమ్‌వర్క్ (స్టడీకి ఆధారమయ్యే సిద్ధాంతం) కోసం అందరూ రాయ్ గారి అడాప్టేషన్ మోడల్ బాణాలు గీసేస్తారు గానీ, నీ పనికి ఇది సరిపోతుంది. వనరు అంటే డబ్బొక్కటే కాదు, అది గుర్తుపెట్టుకో.

నాన్నకూతురు
నేను నర్సుని కాదండి, ఇక్కడ ఎందుకు రాస్తున్నానో కూడా తెలీదు, మా నాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రిలో ఆయన దగ్గరున్నాను, అప్పట్నించి ఇలాంటివి కనిపిస్తే చదువుతుంటా. మీరందరూ డబ్బు, చదువు, కులం అంటున్నారు కానీ ఆ వార్డులో నేను చూసిన తేడా వేరు. మంచం పక్కన మనిషి ఉన్నారా లేరా, అంతే. రక్తం శాంపిల్ ల్యాబ్‌కి ఎవరు పట్టుకెళ్తారు? నేనే. స్కాన్‌కి స్ట్రెచర్ ఎవరు తోస్తారు? నేనూ మా తమ్ముడూ. సెలైన్ అయిపోతోందని సిస్టర్‌కి చెప్పేది నేనే, ట్యూబులో జావ పొయ్యడం సిస్టర్ ఒకసారి చూపించారు, తర్వాత నేనే పోశాను, రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలంటే అదీ మేమే. సిస్టర్లని తిట్టట్లేదండి, ఆవిడకి అన్నం తినే టైం కూడా ఉండేది కాదు.

మా పక్క మంచం మీద ఒక పెద్దాయన ఉండేవారు, రోడ్డు మీద పడిపోతే 108లో తెచ్చారట, కేస్ షీట్ మీద పేరు లేదు, అన్‌నోన్ అని రాసుంది. ఆయన్ని తిప్పేవాళ్ళు లేరు. నడుం కింద ముందు రూపాయి బిళ్ళంత ఎర్రగా కనిపించింది, తర్వాత ఆ చర్మం నల్లబడింది, వాసన మొదలైంది. మా నాన్నకి మాత్రం ఏమీ కాలేదు. ఇద్దరికీ అవే సిస్టర్లు, అదే వార్డు, అవే మందులు.

నైట్‌డ్యూటీ_నాగు
అక్కా మీరు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇంతసేపు కోపంతో రాసినా గానీ ఇది మాకందరికీ తెలిసిన సంగతే, ఎవరూ కాగితం మీద పెట్టరు అంతే. మా హ్యాండోవర్‌లో మొదటి మాటే "ఫలానా బెడ్, అటెండెంట్ లేరు" అని. అంటే దానర్థం మాకు తెలుసు, ఆ పనంతా మన మీదే ఉంది అని, లేదా ఆ పని జరగదు అని. ఎవరైనా మంచం దగ్గర ఉంటే మందులు బయట తెచ్చుకోమంటాం, తెస్తారు. లేకపోతే స్టోర్లో వచ్చేదాకా ఆగల్ల. పొజిషన్ చార్ట్ సంగతి ఇక్కడ రాయనులే, రైట్, లెఫ్ట్, సుపైన్ (వెల్లకిలా) అని రాత్రంతటిదీ ఒకే పెన్నుతో ఒకే చేత్తో ఉంటే చూసినోళ్ళకి అర్థమైపోతాది.

కోనసీమ_టు_డాలస్
తులసీ, నీ టాపిక్ దొరికేసింది అనుకుంటా. నాగు గారు చెప్పినదానికి రీసెర్చ్‌లో ఒక గట్టి దారి ఉంది, బియాట్రిస్ కలిష్ గారు మొదలుపెట్టిన మిస్డ్ నర్సింగ్ కేర్. చెయ్యాల్సిన పని పూర్తిగా వదిలేశారా, ఆలస్యమైందా అని చూడటం. నడిపించడం, తిప్పడం, నోరు శుభ్రం చెయ్యడం, డిశ్చార్జ్ గురించి చెప్పడం, టైంకి మందులివ్వడం. నర్సుల్ని ప్రశ్నావళితో అడిగే టూల్ ఉంది కానీ నీకు పేషెంటు వైపు నుంచి చూడటమే మేలు. అమెరికాలో మంచం పక్కన కుటుంబం ఉంటే ఓదార్పు, అక్కడ కుటుంబం ఉంటే సగం స్టాఫ్. ఆ తేడా ఇక్కడి టూల్స్‌లో ఎక్కడా ఉండదు.

లెక్కల_మాస్టారు
బాగుంది, ఇప్పుడు ఒకే ప్రశ్న వచ్చింది. మెడికల్, న్యూరో వార్డుల్లో మంచం దిగలేని పేషెంట్లు, అటెండెంట్ ఉన్నవాళ్ళొక గుంపు, లేనివాళ్ళొక గుంపు. చూసేది ప్రెషర్ సోర్ (పడక పుండు) రాకుండా చెయ్యాల్సిన పనులు. కానీ ఒక చిక్కుంది, అటెండెంట్ లేనివాళ్ళు సహజంగానే ఎక్కువ ముసలివాళ్ళు, ఎక్కువ బలహీనులు, తాగుడు అలవాటున్నవాళ్ళు, కాబట్టి పుండు పడితే మనిషి లేక పడిందా, ఒంట్లో శక్తి లేక పడిందా? అందుకే పుండు పడే రిస్క్‌ని కొలిచే బ్రేడెన్ స్కేల్ అడ్మిషన్ రోజే వెయ్యండి, ఆరు అంశాలు, మొత్తం 6 నుంచి 23, 18 లేదా ఆ లోపు వస్తే రిస్క్. ఒకే స్కోరు దగ్గర ఉన్నవాళ్ళని జతలు కట్టి పోల్చండి. నూరు మందిని వరసగా తీసుకుంటే అటెండెంట్ లేనివాళ్ళు పది మంది కూడా రారు, కాబట్టి వాళ్ళెవరొచ్చినా తీసుకుని, ఒక్కొక్కరికి అదే వారంలో అదే వార్డులో జత వెతకండి.

పుండు పడిందా లేదా అన్నది ఒక్కటే పెట్టుకుంటే మీ డేటా కలెక్షన్ టైం చాలదు. తిప్పారా లేదా, షీట్ తడిగా ఉందా, భోజనం ప్లేటు అలాగే ఉందా, ఇలాంటివి చూస్తే రోజుకి చాలా గమనింపులు వస్తాయి. ఒకే పేషెంటుని పదిసార్లు చూస్తే అది పది మంది కాదు, ఆ లెక్క విడిగా చెప్తా, మెసేజ్ చెయ్యండి.

తులసిమొక్క
అందరికీ చాలా థాంక్స్, మా గైడ్ మేడమ్‌కి ఇదంతా చూపించాను, ఆవిడ కూడా తలూపారు, సాటిస్‌ఫాక్షన్ టూల్ తీసెయ్యమన్నారు. కానీ రెండు సందేహాలున్నాయి. స్పృహలో లేనివాళ్ళు, పేరే తెలీనివాళ్ళ కన్సెంట్ ఎవరిస్తారు? ఇంకోటి, నేను గమనించడానికి వెళ్ళి నిలబడితే, ఆ పెద్దాయన తడి షీట్ మీద పడుకుని ఉంటే, రాసుకుని వెళ్ళిపోవాలా? నావల్ల కాదు.

పాత_ట్యూటర్
వెళ్ళిపోతే నువ్వు నర్సువి కావు, రీసెర్చర్‌వీ కావు. రాసుకో, టైం వేసుకో, తర్వాత పుస్తకం పక్కన పెట్టి షీట్ మార్చు, తిప్పు. నువ్వు చూసిన క్షణంలో ఎలా ఉందో అదే నీ డేటా, తర్వాత నువ్వు చేసింది విడిగా రాయి. ఆ మాట ప్రొపోజల్‌లో ముందే పెట్టు, ఎథిక్స్ కమిటీలో మొదటి ప్రశ్న అదే వస్తుంది. నిన్ను చూసి స్టాఫ్ కూడా ఆ రోజుకి బాగా చేస్తారు, మొదటి కొన్ని రోజుల గమనింపులు లెక్కలోకి తీసుకోకు.

కన్సెంట్ సంగతి, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 ఎథిక్స్ గైడ్‌లైన్స్‌లో వల్నరబిలిటీ మీద ప్రత్యేకంగా ఒక సెక్షన్ ఉంది, చదువు. పేషెంటు చెప్పలేకపోతే చట్టబద్ధంగా ఆమోదించదగిన ప్రతినిధి. ఆ ప్రతినిధీ లేడు, అదే కదా నీ స్టడీ. మామూలు నర్సింగ్ కేర్‌ని గమనించడమే కాబట్టి రిస్క్ ఏమీ లేదని చూపించి, పేర్లు లేకుండా, కమిటీని మినహాయింపు అడగాలి. ఇస్తారా ఇవ్వరా వాళ్ళిష్టం. వార్డు ఆయమ్మ చేతో సెక్యూరిటీ అతని చేతో సంతకం పెట్టించుకునే పని మాత్రం పెట్టుకోకు, గూడెం సిస్టర్ చెప్పింది గుర్తుంది కదా. స్పృహ వచ్చాక పేషెంటునే అడుగు, వద్దంటే ఆయన డేటా తీసెయ్యి.

గూడెం_సిస్టర్
అటెండెంట్ ఉండి కూడ భాష రానోళ్ళను యాడ వెడతవ్? మా కోయ పేషెంటు కాడ కొడుకు కూసుంటడు, బక్కగ, మూలకు. సిస్టర్ ఏమన్న చెప్తె తలూపుతడు, సమజ్ అయిందో లేదో ఎవరడగరు. వాడు ఉన్నట్టా లేనట్టా?

నైట్‌డ్యూటీ_నాగు
పాయింటే. అట్లాంటోడిని నేను చూసినా, రాత్రంతా వార్డు బయట మెట్ల మీద పడుకుని ఉంటాడు, పిలిస్తే గానీ లోపలికి రాడు. ఇంకొకటి కూడా ఉంది, డబ్బులిచ్చి పెట్టుకున్న మనిషిని ఏమంటారు? పగలొచ్చి రాత్రికి ఇంటికి పొయ్యేవాళ్ళని? ఆడవాళ్ళ వార్డుల్లో మగ అటెండెంట్‌ని రాత్రి ఉండనియ్యరు, ఒక్క భర్తే ఉన్న ఆడమనిషి రాత్రికి అటెండెంట్ లేని పేషెంటే. నా మాట వింటే రాత్రి పది దాటాక మంచం దగ్గర మనిషి ఉన్నారా అన్నదే చూడండి, పగటిది వేరే గడిలో రాయండి. ఇంక స్టాఫ్ పేర్లు మాత్రం ఎక్కడా రాయొద్దు, డ్యూటీ రోస్టర్ జతచెయ్యొద్దు, ఆ షిఫ్టులో ఎంతమంది అన్నది చాలు. అట్లయితే మా వార్డులోనే చేసుకోండి, నేను ఇన్‌ఛార్జ్ సిస్టర్‌తో మాట్లాడతా.

నాన్నకూతురు
ఇంకో చిన్న మాట తులసి గారూ. ఆ పెద్దాయనకి మేం రెండు మూడు సార్లు నీళ్ళు తాగించాం, ఒకసారి మా తమ్ముడు పట్టుకుంటే నేను తిప్పాను కూడా, ఎవరూ చెప్పలేదు, పక్కనే ఉన్నాం కాబట్టి. అలాంటివి మీ లెక్కలో సిస్టర్ చేసినట్టు పడతాయా?

లెక్కల_మాస్టారు
పడతాయి, ఇప్పుడున్న ఫారంతో. "తిప్పారా" పక్కన "ఎవరు" అని ఇంకో గడి పెట్టండి తులసి గారూ: నర్సు, నర్సింగ్ విద్యార్థి, ఆయమ్మ, సొంత మనిషి, పక్క మంచం వాళ్ళు, మీరు. గూడెం సిస్టర్ అడిగినదానికి భాష ఒక గడి. అంతకు మించి ఒక్క గడి కూడా పెంచకండి.

తులసిమొక్క
ఫారం మార్చి రేపు సాయంత్రానికి ఇక్కడే పెడతా. గూడెం సిస్టర్ గారూ, కోయలో అడగాల్సిన మూడు నాలుగు ప్రశ్నలు ఎవరితోనైనా చెప్పించి వాయిస్ పంపగలరా? నాగు అన్నా, ఇన్‌ఛార్జ్ సిస్టర్ గారిని ఎప్పుడు కలవాలో చెప్పండి, పర్మిషన్ లెటర్ ఎవరి పేరు మీద రాయాలో కూడా.

నైట్‌డ్యూటీ_నాగు
సూపరింటెండెంట్ పేరు మీద, నర్సింగ్ సూపరింటెండెంట్ ద్వారా. రెండు కాపీలు తీసుకురా, ఒకదాని మీద ఇన్‌వార్డ్ స్టాంప్ వేయించుకో, లేకపోతే లెటరే రాలేదంటారు.